మరునాటి పులుసు

కావలి,
2025 ఆగస్టు 24, ఆదివారం.

ప్రియ మిత్రమా,

‘వార్ 2’ ఎలా ఉందని మొన్న ఫోనులో నీవు అడిగినప్పుడు, నేను బస్సులో ఉండటం వల్ల “బాగోలేదు” అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాను. ఆ తరువాత నీకు అన్యాయం చేశాననిపించింది. ముప్పై ఏళ్లుగా ప్రతి సినిమాకూ గంటసేపు తీర్పు చెప్పుకున్న మనం ఇప్పుడు ఒక్క మాటతో సరిపెట్టుకుంటే, జవహర్ భారతి కాలేజీ గోడ మీద మనం వృథా చేసిన సాయంత్రాలకు విలువ లేకుండా పోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నీవూ తీరిగ్గానే చదువుకో.

మా పెద్దవాడు ఎన్.టి.ఆర్. వీరాభిమాని అన్న సంగతి నీకు తెలుసు. వాడి పోరు పడలేక పోయిన ఆదివారం పొద్దున్నే పినాకిని రైల్లో నెల్లూరు వెళ్లి మ్యాట్నీ చూశాము. 2019 అక్టోబరు 2న వచ్చిన మొదటి ‘వార్’ నాకు ఒక కారణం చేత బాగా గుర్తుంది. ప్రక్కనే నిలబడి పోరాడుతున్న కుర్రవాడు అసలు ఆ కుర్రవాడే కాడని, ముఖం మార్చుకుని వచ్చిన శత్రువని తెలిసిన క్షణంలో, అంతవరకూ చూసిన సన్నివేశాలన్నింటినీ మనసులో మళ్లీ వెనక్కి తిప్పుకోవలసి వచ్చింది. ఈసారి అలాంటి పనేమీ పెట్టలేదు. ఇద్దరు హీరోలకు చిన్ననాటి స్నేహం ఉందని, అది చెడిపోయిందని చెప్పడానికి చాలా సమయం తీసుకున్నారు గాని, ఆ స్నేహం మన కళ్ల ముందు పండితేనే కదా, అది విరిగినప్పుడు మనకు నొప్పి కలిగేది! విమానం మీద కొట్లాట జరుగుతున్నప్పుడు, నేను ఇంటికి వెళ్లే బస్సు ఎన్ని గంటలకు ఉందో ఆలోచిస్తున్నాను. మావాడు మాత్రం ఎన్.టి.ఆర్. తెర మీదికి వచ్చిన క్షణం నుంచి గొంతు పోయేలా అరిచి, బయటికి వచ్చాక అరగంటసేపు ఏమీ మాట్లాడలేదు. అభిమానుల నిరాశకు అంతకంటే పెద్ద గుర్తు ఉండదని నీకు నేను చెప్పాలా?

రాత్రి ఇంటికి చేరేసరికి మీ చెల్లెలు ముందు రోజు చేసిన చేపల పులుసు వెచ్చబెట్టి ఉంచింది. రెండు ముద్దలు తినగానే, సినిమా హాలులో నాకు తట్టనిది ఏమిటో తట్టింది. మన నెల్లూరు పులుసు మరునాటికే రుచి అని ఊరంతా అంటుంది. అయితే మొదటి రోజు చింతపండు, కారం, మామిడికాయ ముక్కలు సరిగా పడిన పులుసుకే ఆ యోగం. రాత్రంతా ముక్కలోకి పులుసు దిగడానికి అందులో సారం ఉండాలి. ఉన్నది అయిపోయిందని, చుట్టాలు వచ్చారని, గిన్నె అడుగున మిగిలినదాంట్లో నీళ్లు పోసి మళ్లీ మరిగిస్తే దానిని మరునాటి పులుసు అనరు. ఈ మధ్య నేను చూసిన రెండో భాగాలలో చాలావాటి వ్యవహారం ఈ నీళ్ల వ్యవహారమే.

వాటన్నింటిలోనూ నన్ను ఎక్కువగా బాధపెట్టింది ‘భారతీయుడు 2’. అది 2024 జూలై 12న విడుదలైనప్పుడు హాలుకు వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు; ఈ మధ్యనే ఇంట్లో ఓటీటీలో, రెండు రాత్రులుగా చూశాను. 1996లో మొదటి ‘భారతీయుడు’ చూసి రాత్రి రెండో ఆట నుంచి మనిద్దరం నడిచి వస్తున్నప్పుడు, దారి పొడుగునా నీవు ఒక్క మాటా మాట్లాడకపోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. కాలిన ఒళ్లుతో ఆసుపత్రిలో ఉన్న కూతురి కోసం లంచం ఇవ్వనన్న తండ్రి, తరువాత బ్రేకులు సరిగా లేని బస్సుకు లంచం పుచ్చుకుని అనుమతి ఇచ్చి బడిపిల్లల చావుకు కారణమైన కన్నకొడుకునే చంపిన తండ్రి! ఆ సేనాపతి మర్మకళతో ఎవరిని ఎలా చంపాడన్నది మనకు అంత ముఖ్యం కాలేదు. ఆ చేతి వేళ్లు చివరికి తన ఇంటి మీదికే తిరిగాయన్నది మనల్ని పట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్ల తరువాత అదే దర్శకుడు శంకర్, అదే కమల్ హాసన్ కలిసి అదే ముసలాయనను తిరిగి తీసుకొచ్చినప్పుడు, ఆయనకు పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్చలేదు. నేతాజీ సైన్యంలో పనిచేసిన మనిషికి ఇప్పటికి నూరేళ్లు దాటి ఉండాలి కదా అని జనం ఎగతాళి చేశారు గాని, నాకు ఆ లెక్కతో పేచీ లేదు. సినిమాలో వయసు క్షమించవచ్చు. నష్టపోవడానికి ఏమీ లేని మనిషి చేసే త్యాగాన్ని మాత్రం క్షమించలేకపోయాను. ఇంట్లో కుంపటి రాజేసుకునే బాధ్యతను ఈసారి కుర్రవాళ్ల మీద పెట్టి, పెద్దాయన కేవలం వేషాలు మార్చుకుంటూ, ఉపన్యాసాలు ఇస్తూ తిరిగాడు. దానికి తోడు చివర మూడో భాగం తాలూకు దృశ్యాలు చూపించి, “అసలు కథ ముందుంది” అన్న ధోరణిలో మనల్ని పంపారు. అప్పు తీర్చమని వెళ్తే మరో అప్పు అడిగినవాడి ముఖం చూసినట్టు అయింది నాకు.

పేరు మాత్రమే వాడుకునే రకం ఇంకొకటి ఉంది, దాని గురించి ఎక్కువ రాయను. 2002 నాటి ‘మన్మథుడు’కూ 2019లో వచ్చిన ‘మన్మథుడు 2’కూ నాగార్జున తప్ప మరే చుట్టరికమూ లేదు, రెండోది ఒక ఫ్రెంచి చిత్రం ఆధారంగా తీసినది. మొదటిదానిలోని మాటలను ఇవాళ్టికీ పెళ్లిళ్లలో, బస్సుల్లో జనం వాడుకుంటున్నారంటే ఆ పేరుకు ఎంత బరువు ఉందో గ్రహించాలి. ఆ బరువు మోయగలిగే కథ లేనప్పుడు ఇంకో పేరు పెట్టుకుంటే పోయేది. ‘డబుల్ ఇస్మార్ట్’ సంగతి దీనికి భిన్నం. మెదడులో చిప్పు పెట్టుకున్న కుర్రవాడి తలలోకి, చావు దగ్గరపడిన ప్రతినాయకుడు తన జ్ఞాపకాలన్నీ ఎక్కించి బతికిపోవాలనుకోవడం నిజంగా మంచి ఊహ. ఆ ఊహను పట్టుకుని లోతుకు దిగకుండా, మధ్యలో హాస్యం పేరుతో అడవి దారి పట్టడంతో, 2019 నాటి మొదటి భాగం ‘ఇస్మార్ట్ శంకర్’లోని పొగరు 2024లో అరుపుగా మిగిలిపోయింది.

ఇదంతా చదివి, రెండో భాగం అంటేనే వీడికి గిట్టదని నీవు అనుకోవచ్చు. అసలు మనం ఏ గడ్డ మీద పుట్టామో ఒకసారి తలుచుకో. నన్నయ ఆదిపర్వం, సభాపర్వం పూర్తిచేసి, అరణ్యపర్వం నడుమ కలం ఆపితే, రెండు శతాబ్దాల తరువాత మన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు ఒంటిచేత్తో నడిపించాడు. అంతకంటే పెద్ద రెండో భాగం తెలుగులో మరొకటి ఉందా? ఆ తరువాత, మన గుడ్లూరు వాడని పెద్దలు చెప్పుకునే ఎర్రన, మధ్యలో మిగిలిన అరణ్యపర్వ భాగాన్ని పూరించాడు. మన తెలుగు మాస్టారు ఈ పాఠం చెబుతూ బల్ల మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగేవారు, గుర్తుందా? నన్నయ చివరి పద్యం శరత్కాలపు రాత్రుల వర్ణన. ఎర్రన అందుకున్న మొదటి పద్యం శరత్కాలపు ఉదయాల వర్ణన. వెన్నెల దగ్గర ఆగిపోయిన కథను మూడు వందల ఏళ్ల తరువాత వచ్చినవాడు సూర్యోదయం దగ్గర అందుకున్నాడు. పైగా ఆ భాగాన్ని తన ప్రభువుకు కాక నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. నూరు కోట్ల బడ్జెట్టు పెట్టే వాళ్లలో ఎవరైనా మొదటి భాగం ఆఖరి దృశ్యాన్ని అంత శ్రద్ధగా చూసి రెండో భాగం మొదటి దృశ్యం రాసుకుంటున్నారా అన్నదే నా సందేహం.

అలా రాసుకున్న వారు లేకపోలేదు. ‘దృశ్యం 2’ చూడు. 2014 నాటి మొదటి ‘దృశ్యం’ చివర, కట్టుబడిలో ఉన్న పోలీసు స్టేషను నేల కింద శవం ఉందని మనకు తెలుసు, పోలీసులకు తెలియదు. ఆ నేల మీద ఆరేళ్లపాటు పోలీసులు నడుస్తూ ఉండగా ఆ ఇంటి ఆడపిల్లలు ప్రతి హారను శబ్దానికీ ఎలా ఉలిక్కిపడి ఉంటారన్నదే రెండో భాగం కథ. 2021 నవంబరు 25న అది థియేటరుకు రాకుండా నేరుగా ఓటీటీలోకి వచ్చింది గనుక నీవు తప్పించుకున్నావేమో. చెల్లెమ్మతో కూర్చుని తప్పకుండా చూడు. ‘కార్తికేయ 2’, ‘టిల్లు స్క్వేర్’ కూడా నాకు నచ్చాయి, అయితే వాటికి అంత కథ మిగిలి ఉందని కాదు, ఆ మనుషులతో ఇంకో రెండు గంటలు గడపబుద్ధి అయింది, అంతే.

‘పుష్ప 2’ విషయంలో నీతో కొంచెం పోట్లాడాలి. అది నీకు సాంతం నచ్చిందన్నావు. మన వెలిగొండల వైపు ఎర్రచందనం కేసుల కబుర్లు వింటూ పెరిగిన వాళ్లం గనుక ఆ ప్రపంచం మీద మనకు సహజంగానే ఆసక్తి ఉంటుంది. భార్య అడిగిన చిన్న కోరికకు ముఖ్యమంత్రి ప్రక్కన నిలబడి ఫొటో దిగబోతే, స్మగ్లరుతో ఫొటో ఏమిటని ఆయన కాదనడం, ఆ అవమానానికి ముఖ్యమంత్రినే మార్చాలని ఇతను పూనుకోవడం చాలా గొప్ప ఎత్తుగడ. ఒక పెళ్లాం ముచ్చటకూ ఒక రాష్ట్రపు కుర్చీకీ ముడిపెట్టడంలో సుకుమార్ బుర్ర కనిపిస్తుంది. ఇంటిపేరు లేనివాడని మొదటి భాగంలో అడుగడుగునా అవమానపడిన మనిషికి చివరకు ఆ ఇంటిపేరు దక్కడంతో బాకీ కూడా తీరింది. అక్కడ చెంప మీద కన్నీరు తుడుచుకుని లేవబోతున్న మనల్ని మళ్లీ కూర్చోబెట్టి, పెళ్లి పందిట్లో బాంబు పేల్చి, మూడో భాగం ఉందన్నారు. మూడు గంటల ఇరవై నిమిషాలు కూర్చున్నాము, అప్పటికే నా నడుము నాది కాదు. అది చాలదన్నట్టు, నెల తిరిగేసరికి మరో ఇరవై నిమిషాలు కలిపి మళ్లీ హాళ్లకు పంపారు!

వెనకటికి తెర మీద “శుభం” అని పడేది, మనం చెప్పులు వెతుక్కునేవాళ్లం. ‘బాహుబలి’ మొదటి భాగం 2015లో కట్టప్ప ప్రశ్నతో ఆగినప్పుడు, ఒకే పెద్ద కథను రెండుగా కోశారని సరిపెట్టుకున్నాము. 2017లో జవాబు ఇచ్చారు, లెక్క సరిపోయింది. ఆ విజయం చూసిన తరువాత అందరూ శుభం కార్డును అటక మీద పెట్టేశారు. ‘సలార్’ 2023 డిసెంబరులో, ‘కల్కి’ 2024 జూన్‌లో, ‘దేవర’ అదే ఏడాది సెప్టెంబరులో వచ్చాయి. మూడూ సగంలోనే ఉన్నాయి. మా వీధి చివర కిరాణా కొట్టు పుస్తకంలో కూడా ఇన్ని ఖాతాలు ఒకేసారి తెరిచి ఉండవు. ఎవరిని ఎవరు ఎందుకు పొడిచారో మావాడు ఒక కాగితం మీద రాసుకుంటే తప్ప నాకు గుర్తు ఉండటం లేదు.

ఏప్రిల్ 4న ‘ఆదిత్య 369’ మళ్లీ విడుదలైనప్పుడు వెళ్లానని నీకు చెప్పలేదు కదూ. 1991లో మనిద్దరం ఆ కాలయంత్రాన్ని ఎలా చూశామో, మావాడు కూడా అలాగే నోరు తెరుచుకుని చూశాడు; రాయలవారి కొలువు దృశ్యాల్లో హాలంతా చప్పట్లు. మన ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు గారు ఇప్పటి హంగులేవీ లేని రోజుల్లో అంత పని చేశారని ప్రక్కన కూర్చున్నవాళ్లకు కూడా చెప్పి, మావాడి చేత మోచేతి పోటు తిన్నాను. దానికి కొనసాగింపు తీస్తామని ఏళ్లుగా అంటూనే ఉన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సంతోషం, భయం కలిసే కలుగుతాయి.

దసరా సెలవులకు మీరందరూ వస్తామన్నారు గనుక ఇంకొక మాట. అక్టోబరు 2న ‘కాంతార’కు సంబంధించిన కొత్త చిత్రం వస్తోంది. ఇది తరువాతి కథ కాదట, ముందు జరిగిన కథట. నా పులుసు సిద్ధాంతం మరునాటికే గాని ముందునాటికి పనిచేస్తుందో లేదో నాకూ అంతుపట్టడం లేదు. నెల్లూరులో మొదటి రోజు టికెట్లు తీసి ఉంచుతాను. ‘పుష్ప 2’ మీద నీ వాదనను దారిలో వినిపించు. మీరు రావడానికి ముందు రోజే పులుసు పెట్టమని మీ చెల్లెలికి చెప్పాను. ఏ రైలుకు వస్తున్నారో రెండు రోజుల ముందు తెలియజేస్తే స్టేషనుకు వస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు