పద్మిని కస్టమర్లకు ఒక మాట: దసరా నుంచి మొత్తం కారు ఒప్పుకోం

దసరా నుంచి మా షాపులో ప్రీమియర్ పద్మిని (పాత ఫియట్) కార్లను మొత్తంగా బాగుచేసి ఇచ్చే పని ఒప్పుకోవడం ఆపేస్తున్నామండి. ఇప్పటికే షెడ్డులో ఉన్న బళ్లు పూర్తి చేసే ఇస్తాం, వాటి ఓనర్లు టెన్షన్ పడక్కర్లేదు. కొత్తగా మాత్రం "బండి మీ దగ్గర వదిలేస్తాం, తయారయ్యాక ఫోన్ చెయ్యండి" అంటే తీసుకోలేం. ఇంజిన్, బ్రేకులు, కార్బరేటరు, స్టీరింగు, తుప్పు పట్టిన చోట వెల్డింగు, ఇవి విడివిడిగా చేసిస్తాం. పార్టులు ఎప్పటిలాగే అమ్ముతాం. మిగతా పని మీ ఇంటి దగ్గర మీరే చేసుకోవాలి.

ఈ మాట ఆటోనగర్‌లో బయటికి రాగానే పక్క షాపాయన "ఏంటి, మూసేస్తున్నావా?" అని అడిగాడు. మూసెయ్యడం లేదు. కూర్చుని లెక్క చూసుకున్నాం, అంతే.

ఆ లెక్క మీకూ చెబుతాను. పాత పద్మినిని పూర్తిగా చేస్తే వచ్చే బిల్లులో సగానికి పైగా మజూరీయే. ఆ మజూరీలో ఎక్కువ భాగం విప్పడం, కడగడం, గీకడం, తుప్పుపట్టిన బోల్టులతో కుస్తీ పట్టడం. అందులో పెద్ద విద్యేమీ లేదు, ఓపిక ఉంటే చాలు. మా పెద్ద మేస్త్రీ ఇంజిన్ పైభాగం, అంటే హెడ్డు, విప్పి వాల్వు సీటు మీద వేలు తిప్పి చూశాడంటే గ్రైండింగుతో సరిపోతుందో, కొత్త సీటు వెయ్యాలో అక్కడికక్కడే చెప్పేస్తాడు. అలాంటి మనిషి చేత బండి కింద మడ్డి గీకిస్తూ, రోజుకింత అని మీ దగ్గర వసూలు చేస్తున్నాం. మీకూ దండగ, ఆయనకీ దండగ. ఆయన తర్వాత ఈ పని నేర్చుకుందామని వచ్చే కుర్రాళ్లు కూడా లేరు. అందరూ స్కానర్ తగిలించి చూసే బళ్ల వైపే పోతున్నారు. వాళ్లని తప్పు పట్టను, జీతాలు అక్కడే ఉన్నాయి.

రెండోది స్థలం. పాత కారు ఎవరింట్లోనూ మొదటి ఖర్చు కాదు. అడ్వాన్సు ఇచ్చినప్పుడు ఉన్న ఉత్సాహం అలాగే ఉంటుంది, కానీ మధ్యలో అమ్మాయి పెళ్లి కుదురుతుంది, లేదా ఇంటి శ్లాబు పడుతుంది. బండి మా షెడ్డులో ఇటుకల మీద నిలబడిపోతుంది. అద్దె మాత్రం నెలనెలా నడుస్తూనే ఉంటుంది. మీ ఇంటి పోర్టికోలో ఉంటే అదే బండికి ఆ బాధ లేదు. డబ్బున్న నెలలో బ్రేకులు, లేని నెలలో ఉప్పుకాగితం.

ఇక పార్టులు. ఆర్డరిచ్చి ఎదురుచూస్తున్నవాళ్లు అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: ఇదివరకు వారంలో వచ్చిన సామాను ఇప్పుడెందుకు రావడం లేదు? కారణం ముంబయి ట్యాక్సీలు. కుర్లాలోని ప్రీమియర్ ఫ్యాక్టరీలో ఈ కారు ఫియట్ 1100గా మొదలై, 1974 నుంచి పద్మిని పేరుతో వచ్చింది. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. ఆ తర్వాత కూడా కింగ్ పిన్నులు (స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రాలు వీటి మీదే తిరుగుతాయి), క్లచ్ ప్లేట్లు, వీల్ సిలిండర్ కిట్లు కొత్తవి దొరికాయంటే ఆ నల్ల-పసుపు ట్యాక్సీల పుణ్యమే. ఏళ్ల తరబడి తగ్గుతూ తగ్గుతూ వచ్చిన ఆ ట్యాక్సీలు 2023 అక్టోబరు ఆఖరుతో పూర్తిగా రోడ్డు దిగిపోయాయి. రోజూ అరిగే బండి లేకపోతే రోజూ సామాను చేసేవాడెందుకుంటాడు? ఇప్పుడు నలుగురైదుగురు కలిసి అడిగితేనే ఒక లాటు చేస్తున్నారు. కాబట్టి కింగ్ పిన్ కిట్టు కావాలంటే ముందే చెప్పండి, ఆర్డర్లు పోగేసి ఒకేసారి తెప్పిస్తాం. స్టీరింగు కింద గేరు రాడ్డున్న మోడళ్లకి ఆ రాడ్డు కీళ్లలో వేసే లింకేజీ బుష్‌లు మాత్రం ఇక్కడే లేతు మీద చేయించి స్టాకు పెట్టాం. రెండో గేరు పడక సిగ్నల్ దగ్గర చెమటలు పట్టినవాళ్లకి వాటి విలువ తెలుసు.

డోరు బీడింగు రబ్బరు గురించి ఉన్నమాట చెబుతాను. ఇప్పుడు మార్కెట్లో దొరికేది పాతదానంత మెత్తగా లేదు. కొత్తది వేసిన మొదట్లో డోరు గట్టిగా వేయాల్సి వస్తుంది, రెండు వేసవులకే పగుళ్లిస్తుంది. మేం అమ్ముతున్నదీ అదే. అంతకంటే మంచిది దొరికేదాకా పాత బీడింగు బాగుంటే తీసి పారెయ్యకండి, కడిగి వాడుకోండి. బంపర్లూ అంతే. సొట్టలు పడ్డా ఆ రేకు మందం ఇప్పటి నకలు వాటికి లేదు. సొట్ట తీయించి మళ్లీ క్రోమ్ పూత వేయించుకోవచ్చు.

ఇంటి దగ్గర మొదలుపెట్టేవాళ్లు రంగు సంగతి ఆఖర్న ఆలోచించండి, ముందు తుప్పు చూసుకోండి. పద్మినికి లారీలా విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. డోర్ల కింద నిలువునా పోయే సిల్, కాళ్ల కింద ఫ్లోరు, డిక్కీలో స్టెప్నీ పెట్టే చోటు, బ్యాటరీ ట్రే కింద భాగం, ఈ నాలుగు చోట్ల రేకు గట్టిగా ఉంటే మిగతావన్నీ సర్దుకోవచ్చు. ఈ మధ్య ఏలూరు నుంచి ఒక తెల్ల బండి వచ్చింది. అద్దంలా మెరుస్తోంది, కొత్త రంగు, కొత్త సీట్లు. ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం తీసి సిల్ మీద పెట్టాం. ముందు చక్రం వెనక గట్టిగా పట్టుకుంది. జానెడు వెనక్కి జరిపేసరికి జారి కింద పడింది. స్క్రూడ్రైవరుతో గోకితే అరచేతి వెడల్పున పుట్టీ పెచ్చు ఊడింది, దాని వెనక గోనెపట్టా ముక్క, ఆ వెనక ఏమీ లేదు. జాకీ పెట్టే చోటు పక్కనే ఇది. కారు కొనేముందు జేబులో అయస్కాంతం వేసుకెళ్లండి, మేం ఉచితంగా ఇచ్చే సలహాల్లో దీనికి మించింది లేదు.

ఏళ్ల తరబడి నిలబడిన బండికి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో సిలిండర్లో కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి రెండు రోజులు నాననివ్వండి. తర్వాత టాప్ గేరులో పెట్టి, ప్లగ్గులు లేకుండానే, బండిని మెల్లగా ముందుకీ వెనక్కీ నెట్టండి. ఇంజిన్ తిరిగితే అదృష్టం. తిరగకపోతే బలవంతం చెయ్యకుండా మాకు ఫోన్ చెయ్యండి. పట్టేసిన పిస్టన్ రింగుల్ని లాగి విరగ్గొడితే రీబోరుతో (సిలిండర్లు తొలిపించడంతో) పోయేది కాస్తా కొత్త ఇంజిన్ బ్లాకు వెతుక్కునేదాకా వస్తుంది. ప్లగ్గు వైర్లు పీకేముందు ఫొటో తీసుకోండి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2 అని తెలిసినవాళ్లు కూడా మర్నాడు డిస్ట్రిబ్యూటర్ క్యాప్ ముందు తల గోక్కుంటారు.

విప్పిన బోల్టుల్ని జిప్ కవర్లలో వేసి, కవరు మీద ఎక్కడివో రాయండి. బండంతా ఒకేసారి విప్పకండి. ఎడమ ముందు చక్రం పూర్తి చేశాక కుడిది ముట్టుకోండి, అనుమానం వస్తే చూసుకోవడానికి రెండోది ఉంటుంది. పెట్టెల్లో సామానుగా మిగిలిపోయిన పద్మినిలు ఊరూరా ఉన్నాయి, వాటిలో చాలావాటి ఓనర్లు తుప్పుకి కాదు, ఈ గందరగోళానికి జడిసి వదిలేసినవాళ్లే. సీట్లకి మా దాకా రావాల్సిన పనే లేదు. స్ప్రింగులు, కొబ్బరిపీచు, రెగ్జిన్, ఇవి మీ ఊళ్లో సోఫాలు కుట్టే ఆయన చక్కగా చేస్తాడు, మాకంటే చవకగా. వైరింగు కూడా ఓపికున్నవాళ్లు చేసుకోవచ్చు, కానీ ఎలుకలు కొరికిన పాత వైర్లకి టేపు చుట్టి సరిపెట్టొద్దు. మార్చేయండి.

చేసుకోకూడని పనులు రెండే. ఒకటి బ్రేకులు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే కదా, సులువుగానే విప్పొచ్చు. పాత మోడళ్లలో నాలుగింటికీ లైను ఒక్కటే కాబట్టి ఒక్క వీల్ సిలిండర్లో రబ్బరు కప్పు లీకయినా పెడలు నేలకి అంటుకుంటుంది. బ్రేకు ఆయిల్ బదులు చేతికందిన వేరే ఆయిల్ ఏది పోసినా ఆ రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయి. సామాను మీరు విప్పి తెచ్చినా సరే, బిగించి పరీక్ష చేసే పని మాకు వదిలెయ్యండి. రెండోది ఇప్పటి టూకే రంగు, అంటే హార్డనర్ కలిపి కొట్టే రంగు, స్ప్రే చెయ్యడం. హార్డనర్లో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకి హాని చేస్తాయి, గుడ్డ మాస్కు ఏమీ ఆపదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు ఆ ఆలోచనే వద్దు. పాతకాలం ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగే కావాలనేవాళ్లు వానాకాలం వెళ్లనివ్వండి. మన కృష్ణా తీరం ఉక్కకి ఆ రంగు తెల్లగా పొగబారుతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

పెట్రోలు గురించి ఈ మధ్య రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. మీ 1089 సీసీ ఇంజిన్ దానితో నడుస్తుంది, కానీ ఆ కాలపు రబ్బరుకి ఇథనాల్ పడదు. మొన్న విప్పిన ఒక ఫ్యూయల్ పంపులో డయాఫ్రం (పెట్రోలుని తోసే పల్చటి పొర) నానిన అప్పడంలా ముడుచుకుపోయి ఉంది. అది చిరిగితే పెట్రోలు బయట కారకుండానే ఇంజిన్ ఆయిల్లోకి దిగొచ్చు, మీకు తెలియదు కూడా. వారానికోసారి ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినట్టు కనిపించినా బండి కదపొద్దు. పైపులు ఇథనాల్‌కి తట్టుకునే రకం తెప్పించాం, డయాఫ్రంలూ ఆ రకానివే ఇస్తున్నాం. ఇథనాల్ గాల్లో తేమని లాక్కుంటుంది కాబట్టి నెలల తరబడి తీయని బండి ట్యాంకులో అడుగున నీళ్లు చేరి తుప్పు మొదలవుతుంది. తిప్పని బండైతే ట్యాంకూ, కార్బరేటర్లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ బౌలూ ఖాళీ చేసి ఉంచండి.

కాగితాల సంగతి కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే "వింటేజ్ నంబరు చేయించి పెట్టండి" అని చాలామంది అడుగుతున్నారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబర్లో వీఏ అని వస్తుంది. 1974-75 నాటి మొదటి పద్మినిలకి ఆ వయసు వచ్చింది. మీలో ఎక్కువమంది దగ్గరున్నవి 80ల నాటివి, వాటికి ఇంకా టైముంది. పైగా వీఏ నంబరున్న బండిని రోజువారీ వాడకానికి తిప్పకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు, ఇలాంటివాటికే. పిల్లల్ని బడి దగ్గర దింపాలనీ, ఆదివారం భవానీ ఐలాండ్ దాకా వెళ్లాలనీ ఉంటే మామూలు ఆర్‌సీని అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడమే మేలు. ఆ ఫీజు 15 ఏళ్లు దాటిన కార్లకి 2022 ఏప్రిల్లో 5,000 అయింది, 20 ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. భారమే, కాదనను. ఇంకోటి, డీజిల్ ఇంజిన్నో మారుతీ ఇంజిన్నో ఎక్కించిన బండికి వింటేజ్ హోదా ఆశించకండి. ఆర్‌సీలో ఎక్కించని ఇంజిన్ మార్పు మేం ముట్టుకోం కూడా.

దసరా తర్వాత రేట్లు ఇవి. కార్బరేటరు సర్వీసు 1,800, కిట్టు విడిగా. ఫ్యూయల్ పంపు 900. నాలుగు చక్రాల బ్రేకుల మజూరీ 4,500, సామాను విడిగా. హెడ్డు, ఇంజిన్ పనికి విప్పి చూడకుండా రేటు చెప్పను, ఎంత బతిమాలినా. తుప్పు వెల్డింగుకి బండి తీసుకొచ్చేవాళ్లు సీట్లు, కార్పెట్టు, కింది తారు ముందే తీసేసి తెస్తే మజూరీ బాగా తగ్గుతుంది. ఇంటి దగ్గర పని చేస్తూ మధ్యలో ఆగిపోయినవాళ్ల కోసం బుధవారం, శనివారం సాయంత్రం ఆరు తర్వాత మేస్త్రీ వాట్సాప్‌లో వీడియో కాల్‌కి ఉంటాడు. మా దగ్గర సామాను కొన్నవాళ్లకి దానికి డబ్బు తీసుకోం.

కార్బరేటర్లు, పంపులు ఆర్టీసీ కార్గోలో పంపేవాళ్లు పెట్రోలు చుక్క లేకుండా వంపేసి, నీడన గాలికి ఆరబెట్టాకే ప్యాక్ చెయ్యండి. వాసన వస్తే కౌంటర్లో తీసుకోరు. అట్టపెట్టె లోపల కూడా ఒక కాగితం మీద మీ పేరు, ఫోన్ నంబరు, బండి మోడల్, ఏ ఏడాదిదో రాసి పెట్టండి. పైన రాసింది వానకి చెరిగిపోయిన పెట్టెలు రెండు మూడు మా షెల్ఫులో ఉన్నాయి. పంపి కబురు రాలేదని ఎదురుచూస్తున్నవాళ్లుంటే లోపల ఏం పంపారో చెబుతూ ఒకసారి ఫోన్ చెయ్యండి, పని మొదలుపెడతాం.