పండుగ తేదీల తగవుకు మూలం లెక్కలోనే ఉంది

సంపాదకులకు,

పండుగ ఏ రోజన్న దానిపై గత వారం మీ మొదటి పేజీ వార్తలో ఇద్దరు సిద్ధాంతుల మాటలు, సెలవు మారుస్తూ సర్కారు ఉత్తర్వు తప్ప తేడా ఎందుకొచ్చిందో ఒక్క ముక్క లేదు. పైగా దాన్ని సైన్సుకూ మతానికీ గొడవన్నట్టు రాశారు. ఇది లెక్క గొడవ.

సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ఎడం జరగడానికి పట్టే కాలమే తిథి. దృక్ పంచాంగం ఆ ఎడాన్ని ఆకాశంతో సరిచూసిన గణితంతో కడుతుంది. పూర్వ పద్ధతి వారు సూర్యసిద్ధాంతం అనే ప్రాచీన ఖగోళ గ్రంథం లెక్కనే వాడతారు. చంద్రుడు ఒకే వేగంతో నడవడు కాబట్టి లెక్కలో సవరణ కావాలి; అందులో ఆ సవరణ మహా అయితే 5 డిగ్రీలు. పౌర్ణమి, అమావాస్యలకు అది చక్కగా సరిపోతుంది. అష్టమి దగ్గర మాత్రం అసలు సవరణ ఏడున్నర డిగ్రీల దాకా కావాలి. ఆ లోటు తిథిని దాదాపు ఐదు గంటలు అటో ఇటో జరపగలదు. కృష్ణాష్టమి, దుర్గాష్టమి తగాదాలో పడడానికి ఇదొక కారణం. తిథి 65 ఘడియలకు (ఘడియ అంటే 24 నిమిషాలు) మించదు, 54కు తగ్గదు అని వారి సూత్రం. నిజంగా అది 67 దాకా పెరుగుతుంది, 50కి పడిపోతుంది. అష్టమి నడిమికి చంద్రబింబం సరిగ్గా సగం ఉండాలి, ఎవరైనా చూసుకోవచ్చు.

ఆ పూర్వ పద్ధతి వారిలోనే చాలామంది గ్రహణ సమయాలు మాత్రం దృక్ లెక్కతోనే వేస్తారు. గ్రహణం తప్పితే ఊరంతా చూస్తుంది కదా!

లెక్క దిద్దుకోవడం అపచారం ఎలా అవుతుంది? 10వ శతాబ్దంలోనే ఖగోళ గణితజ్ఞుడు మంజులాచార్యుడు చంద్రుడికి రెండో సవరణ చెప్పాడు. కేరళ పరమేశ్వరుడు ఏళ్ల తరబడి గ్రహణాలు గమనించి 1431లో దృగ్గణితం అనే గ్రంథం రాశాడు. ఒడిశాలో సామంత చంద్రశేఖరుడు వెదురు పరికరాలతో ఆకాశాన్ని కొలిచి సవరణలు చేశాడు. వీళ్లంతా ఆస్తికులే. తిథి సూర్యోదయానికి ఉండాలా, ప్రదోషానికా, అర్ధరాత్రికా అన్నది ధర్మశాస్త్రం చెప్పాలి. అది ఏ గంటకు మొదలవుతుందో ఖగోళ గణితం చెప్పాలి. రెంటికీ పేచీ ఎక్కడ?

పంచాంగ సంస్కరణకు కేంద్రం వేసిన మేఘనాథ్ సాహా కమిటీ 1955లోనే నివేదిక ఇచ్చింది. కేంద్రం ఏటా దృక్ లెక్కతో రాష్ట్రీయ పంచాంగం అచ్చు వేస్తోంది. అయినా మన అధికారులు పండుగ ముంగిట్లోకి వచ్చాకే మేల్కొంటారు. రైలు టికెట్లు కొనుక్కున్నవాళ్లు, పరీక్షలున్న పిల్లలు ఏమైపోవాలి?

పంచాంగకర్తలూ తక్కువ తినలేదు. ఏ పద్ధతో, ఏ ఊరి సూర్యోదయమో అట్ట మీద వేసేవారెందరు? హైదరాబాద్‌కూ విశాఖకూ సూర్యోదయంలోనే సుమారు 19 నిమిషాల తేడా. అమెరికాలోని తెలుగువాళ్లు ఇక్కడి తేదీనే పట్టుకుంటే రోజే మారిపోవచ్చు.

మీరైనా ఇకపై తిథి ఆరంభ, అంత్య సమయాలు, ఏ గణితం, ఏ ఊరికి అన్నవి వేసి, ఆ తర్వాతే పండితుల అభిప్రాయాలు అచ్చు వేయండి.

– ఒక పాఠకుడు, విజయవాడ