బాబాయ్ వేలు, పాప ట్యాబు

ఒరేయ్ మామా,

బాబాయ్‌కి ఫోను కొందామని మస్కట్ నుంచి నువ్వు పంపిన ఐదు లింకులూ చూశాన్రా. రెండు రోజులు జవాబు లేకపోయేసరికి అలిగావని మీ ఆవిడ మా ఆవిడతో చెప్పిందట, అలగమాకు. ఫోనులో ముక్కలు ముక్కలుగా తేలే విషయం కాదని ఆగాను. ఇవాళ ఆదివారం, పిల్లలు నిద్రపోతున్నారు, తీరిగ్గా రాస్తున్నా. ముందే చెప్తున్నా, ఆ ఐదింట్లో ఒక్కటీ బాబాయ్‌కి పనికిరాదు. అవి నువ్వు నీకోసం చూసుకుని ఆయన పేరు పెట్టినవి.

200 మెగాపిక్సెల్ కెమెరాతో బాబాయ్ ఏం చేస్తాడురా, పెరట్లో మామిడి పూత తీసి నీకు పంపుతాడు, అంతేగా. పైగా అది మామూలుగా తీస్తే ఇచ్చేది 200 కాదు, పదహారు పిక్సెళ్లని ఒకటిగా కలిపేసి 12 మెగాపిక్సెల్ ఫొటోనే చేతిలో పెడుతుంది. ఇంకోదానిలో 16 జీబీ ర్యామ్ అని ఊదరగొట్టాడు చూడు, దాని కింద చీమతలంత అక్షరాల్లో 8+8 అని ఉంది. ఆ రెండో ఎనిమిది ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి కొంత చోటు తీసి ర్యామ్‌లా వాడుకోవడం. వంటింట్లో పీట తెచ్చి హాల్లో వేసి కుర్చీలు పెరిగాయి అన్నట్టు.

అసలు సంగతి వేరే ఉంది. పోయిన నెల గుంటూరులో పనిపడి బ్రాడీపేటలో మీ ఇంటికి వెళ్లాను. కాఫీ తాగుతుంటే బాబాయ్ ఏదో మెసేజ్ చూపిస్తానని ఫోను తీశాడు. వేలు పెట్టాడు, తెరుచుకోలేదు. పంచెకి తుడుచుకుని పెట్టాడు, లేదు. నోట్ల కట్ట లెక్కపెట్టేటప్పుడు తడిచేసుకున్నట్టు నాలిక మీద తడిచేసి మళ్లీ పెట్టాడు, ఊహూ. ఆఖరికి ‘ఏమేవ్’ అని కేక వేస్తే పిన్ని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తన వేలు పెట్టి తెరిచి ఇచ్చి వెళ్లింది. రోజూ ఇంతేనట! ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో మచ్చు కాయలు విరిచి చూసిన వేళ్లురా అవి, ఇంకా గీతలెక్కడుంటాయి. నేను పాత ముద్ర తీసేసి, అదే బొటనవేలిని కొసలతో సహా రెండుసార్లు ఎక్కించాను, పదింటికి ఏడెనిమిది సార్లు పడుతోంది ఇప్పుడు. ఆయనకి గుర్తుండే పిన్ నంబరు కూడా ఒకటి పెట్టాను. అందుకే చెప్తున్నా, బాబాయ్ తన వేలు పెట్టి, తన చెవి దగ్గర పెట్టుకుని విని, చత్వారం కళ్లజోడు లేకుండా చదివి చూడకుండా ఆయనకి ఫోను కొనకూడదు.

మస్కట్‌లో చౌక, ఇక్కడే కొని పంపిస్తా అంటావేమో, వద్దు. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశం దాటి రాదు. ఛార్జర్ పిన్నులు కూడా మన ప్లగ్గులో పట్టవు, దానికో అడాప్టరు, అది ఊడిపోతోందని నాకో ఫోను.

డబ్బులు ఎక్కడ పెట్టాలంటే రెండుచోట్ల పెట్టు: స్టోరేజీ, అప్‌డేట్లు. నేను ఈ రెండూ చూడకే మునిగాను. 2021లో పండగ ఆఫర్లో 64 జీబీ ఫోను కొన్నాను గుర్తుందా, నీకు ఫొటో పెట్టి గొప్పలు పోయాను. కొన్న రోజే సిస్టమ్ ఇరవై జీబీ దాకా తినేసింది. మిగతాది అపార్ట్‌మెంట్ గ్రూపు శుభోదయాలు తిన్నాయి. రెండేళ్లకి అప్‌డేట్లు ఆగాయి. ఒక రోజు పెట్రోల్ బంకులో డబ్బు కట్టబోతే స్టోరేజ్ ఫుల్ అని తెర బిగుసుకుపోయింది, వెనక లైన్లో వాళ్లు హారన్లు, బంకు కుర్రాడి చూపు, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దురా. కాబట్టి బాబాయ్‌కి 128 కంటే తక్కువ వద్దు. అప్‌డేట్ల మాటకొస్తే 2023లో గూగుల్ పిక్సెల్ 8కీ, 2024లో సామ్‌సంగ్ ఎస్24కీ ఏడేళ్లు ఇస్తామన్నారు, అవి ఖరీదైనవిలే. తక్కువ ధర ఫోన్లలో ఒక్కోదానికి ఒక్కో లెక్క, అదేదో షాపువాడి నోటి మాట కాకుండా కంపెనీ సైటులో చూసి కొంటా. వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ మొదటి రోజే ఆపేస్తా, బాబాయ్‌కి రోజూ వచ్చే దేవుడి వీడియోలు నీకు తెలుసుగా.

బ్యాటరీ గురించి అడిగావు. 5000 ఎంఏహెచ్ ఇప్పుడు మామూలే, అంకె గురించి బుర్ర పాడుచేసుకోకు. బ్యాటరీని చంపేది వేడి. ఆపిల్ వాళ్లు తమ ఫోను వాడేచోట 35 డిగ్రీలు దాటకూడదంటారు, మన బెజవాడలో మే నెలలో పొద్దున్నే టిఫిను తినేసరికి 35 దాటుతుంది! ఎండలో బండి హ్యాండిల్‌కి తగిలించుకుని మ్యాపులు పెట్టుకోవడం, దిండు కింద పెట్టి ఛార్జింగ్ చేయడం, ఈ రెండూ మానేస్తే చాలు. 80 దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగు చాలా ఫోన్లలో ఉంది, ఇంటిపట్టున ఉండే బాబాయ్‌కి అది సరిపోతుంది.

బ్యాటరీ విలువ నాకు 2024 సెప్టెంబరులో తెలిసిందిలే. బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ మునిగినప్పుడు మేం పై అంతస్తులో ఉన్నాం, కింద నీళ్లు, కరెంటు లేదు. మొదటి రోజు నేనూ అందరిలాగే వీడియోలు తీసి పంపాను. సాయంత్రానికి ఇరవై శాతం. సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు టవర్ కోసం ఫోను ఇంకా గట్టిగా అరుస్తుంది, అందుకే జేబులో ఊరికే ఉన్నా ఛార్జింగ్ కరిగిపోతుంది. అప్పుడు మా పక్క పోర్షన్ కుర్రాడు చెప్పాడు, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి గంటకోసారి అయిదు నిమిషాలు తియ్యి అన్నా అని. అలాగే రెండో రోజు రాత్రి దాకా లాక్కొచ్చాను, పడవ ఎటు వస్తోందో తెలుసుకోగలిగాను. మా ఆవిడ ఫోను మాత్రం మెట్ల మీద నీళ్లలో పడింది. మా అత్తగారు వెంటనే బియ్యం డబ్బాలో దూర్చబోయారు. తిండికే నాలుగు గింజలు చూసుకుంటున్న రోజున బీపీటీ బియ్యం ఫోనుకా! పైగా పని చేయదు, బియ్యప్పొడి రంధ్రాల్లో దూరి పాడవుతుందని ఆపిల్ వాళ్లే వద్దన్నారు. ఆపేసి, సిమ్ ట్రే లాగి, తుడిచి, గాలి తగిలేచోట నిలబెట్టి, ఎండేదాకా ఛార్జర్ పెట్టకుండా ఉండాలి, అంతే. ఆ ఫోను బతికింది, స్పీకరు మాత్రం ఇప్పటికీ జలుబు చేసినట్టు మాట్లాడుతుంది.

ఇక నువ్వడిగిన మీ పాప చదువు ట్యాబు. ఇది కొంచెం ఆలోచించాల్సిందిరా. మా ఇంట్లో ట్యాబు మూడు నెలలు వాడి బీరువా ఎక్కింది, ఎందుకో తెలుసా, సిమ్ లేనిది కొన్నాను. ప్రతిసారీ నా ఫోను హాట్‌స్పాట్ కావాలి, నేను ఇంట్లో లేకపోతే అది పలకతో సమానం. మీ ఇంట్లో వైఫై ఉందా? ఉంటే సిమ్ లేనిది చాలు, ఆ మిగిలిన డబ్బు తెరకి పెట్టొచ్చు. పది, పదకొండు అంగుళాలు ఉండాలి, ఎనిమిది అంగుళాల్లో పాఠ్యపుస్తకం పీడీఎఫ్ పేజీ వేళ్లతో లాగి లాగి పాప విసిగిపోతుంది. పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉంటాయిగా, దీక్షా యాప్‌లో స్కాన్ చేస్తే పాఠం వస్తుంది, దానికి వెనక కెమెరా మసకగా లేకపోతే చాలు. ఇంకో మెలిక, వైడ్‌వైన్ ఎల్1 ఉందో లేదో చూడాలి, అంటే ఓటీటీ సినిమాలు కాపీ కొట్టకుండా వేసే తాళంలో పై రకం. ఎల్3 మాత్రమే ఉన్న చౌక ట్యాబుల్లో ఓటీటీ సినిమాలు తెర ఎంత బాగున్నా మసకగానే వస్తాయి. చదువుకి ఇదెందుకు అంటావా, రాత్రి తొమ్మిది తర్వాత ఆ ట్యాబు పిన్నిదే అవుతుంది, రాసిపెట్టుకో. టైము కట్టడికి గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్ పెట్టి మీ ఆవిడ ఫోనుకి కలుపుతా, నీ ఫోనుకి కాదు, నువ్వు అక్కణ్నుంచి అడిగిందానికల్లా సరే అంటావు.

షాపువాడు నో కాస్ట్ ఈఎంఐ అంటే మొహమాటపడకు, డబ్బు మొత్తం ఒకేసారి కట్టేసెయ్. వడ్డీ మొత్తం ముందే తగ్గించి చూపిస్తారు గానీ, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కార్డులోంచి పోతాయి. సెకండ్ హ్యాండ్ మాట ఎత్తావు కాబట్టి: ఫోనులో *#06# కొడితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోను గుర్తింపు నంబరు వస్తుంది, ఇంగ్లీషులో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పెడితే అది ఏ ఫోనో, బ్లాక్ అయిందో తెలుస్తుంది. కానీ బాబాయ్‌కి సెకండ్ హ్యాండ్ వద్దులే. కొత్తదాని నంబరు బిల్లుతో పాటు నేను రాసి ఉంచుతా, ఎక్కడైనా పోతే పోలీసు ఫిర్యాదు పెట్టి ప్రభుత్వం వాళ్ల సంచార్ సాథీ సైటులో బ్లాక్ చేయించొచ్చు.

బాబాయ్‌కి యూపీఐ నేర్పిస్తా, ఒక్క షరతు మీద. డబ్బు రావడానికి పిన్ ఎవరూ అడగరని, అడిగితే దొంగేనని, మోసపోతే కొట్టాల్సిన సైబర్ క్రైమ్ నంబరు 1930 అని ఫోను వెనక కవరు మీద స్కెచ్ పెన్నుతో రాసి ఇస్తా. కోప్పడతాడు, నాకేం తెలియదనుకున్నావా అని. పడనీ.

వచ్చే ఆదివారం ఆయన్ని పది గంటలకి బస్టాండులో దింపుకుని బీసెంట్ రోడ్డుకి తీసుకెళ్తా, మూడు షాపులు తిరిగి వేలు పెట్టించి చూస్తా. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, గోంగూర పచ్చడి చేస్తానని మా ఆవిడ అప్పుడే అంది. నువ్వు శనివారం లోపు ఒక్కటి తేల్చు, మీ ఇంట్లో వైఫై బాబాయ్ తీయించేశాడా, ఇంకా ఉందా? పాప ట్యాబుకి సిమ్ కావాలో వద్దో దాన్ని బట్టే.

ఉంటా మరి,
నీ సింగ్‌నగర్ మామ