పది నెలల బిడ్డ ‘బబబ’ అంటోందా అని కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

పసిపిల్లలను టీకాకు తీసుకెళ్లినప్పుడు బరువు తూస్తారు, పొడవు కొలుస్తారు, తల చుట్టుకొలత రాసుకుంటారు; బిడ్డ గొంతు ఎలా పలుకుతోందని మాత్రం చాలాచోట్ల ఎవరూ అడగరు. మాటలే రాని వయసులో అడగడానికేముందన్న భావన దీనికి కారణం కావచ్చు. అయితే తొలి మాటకు ఎన్నో వారాల ముందు నుంచే బిడ్డ నోటి ధ్వనులు ఒక క్రమంలో ఎదుగుతాయని, ఆ క్రమం ఆగిపోతే ముందుగా పరీక్షించవలసింది వినికిడినేనని తెలిసి దశాబ్దాలు గడిచాయి. తొమ్మిది, పది నెలల పిల్లలకు చేసే ఆరోగ్య పరీక్షలో ఈ ఒక్క విషయాన్ని తప్పనిసరిగా వాకబు చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

పుట్టిన కొత్తలో ఏడుపు, తుమ్ము, గుటకల చప్పుడు మినహా బిడ్డ నోట పెద్దగా ఏమీ వినిపించదు. అప్పటికి స్వరపేటిక గొంతులో బాగా పైన ఉంటుంది, నాలుక నోటినంతా ఆక్రమించి ఉంటుంది. ఆ అమరిక పాలు తాగడానికి అనువైనదే కాని పలకడానికి కాదు. రెండు నెలలు నిండే సమయానికి ‘ఉంగా’, ‘అగూ’ అంటూ ఊసులు మొదలవుతాయి. స్వరపేటిక కాస్త కిందికి దిగి నాలుకకు చోటు దొరికాక, నాలుగైదు నెలల బిడ్డ తన గొంతుతో తానే ఆడుకుంటుంది: కీచుమంటుంది, గుర్రుమంటుంది, పెదాలు బిగించి బుర్రుమని ఉమ్ము చిమ్ముతుంది. ఆ తర్వాత, ఆరో నెలకూ పదో నెలకూ మధ్య, పెదాలతోనో నాలుకతోనో నోటిదారి మూసి చటుక్కున తెరుస్తూ ‘బబబ’, ‘దదద’, ‘మమమ’ అని హల్లునూ అచ్చునూ పెద్దల మాట వేగంతోనే కలిపి వరసగా పలకడం వస్తుంది. దానికి అర్థం ఉండదు. ‘మమమ’ అన్నంత మాత్రాన అమ్మను పిలిచినట్టు కాదు, ఇంట్లో వాళ్లు ఒప్పుకోకపోవచ్చు గాని. ఈ శబ్దాలకూ తర్వాతి మాటలకూ సంబంధం లేదని భాషావేత్త రోమన్ యాకబ్సన్ 1941లో వాదించాడు. పిల్లల గొంతులను రికార్డు చేసి పరిశీలించినవారికి కనిపించింది వేరు: ఏ బిడ్డ ఏ హల్లులతో ఎక్కువగా ఆడుకుంటుందో, ఆ బిడ్డ తొలి మాటల్లోనూ ఎక్కువగా అవే వినిపిస్తాయి.

తల్లిదండ్రులు మోసపోయేది ఊసుల దగ్గరే. పుట్టుకతోనే వినికిడి లేని బిడ్డ కూడా మూడో నెలలో ఊసులు చెబుతుంది, ముఖం చూసి నవ్వుతుంది, కేరింతలు కొడుతుంది. తేడా బయటపడేది అక్షరాల వరసల దశలోనే. కింబ్రో ఆలర్, రెబెకా ఐలర్స్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో వినికిడి ఉన్న పిల్లలందరూ పది నెలల లోపే ఈ దశకు చేరుకోగా, తీవ్రమైన వినికిడి లోపం ఉన్నవారిలో పదకొండో నెలకు ముందు ఒక్కరూ చేరుకోలేదు. ఇంట్లో బిడ్డ వెనక నిలబడి చప్పట్లు కొట్టో, పళ్లెం మోగించో చూసి, తల తిప్పింది కదా అని ఊరట చెందడం కూడా సరికాదు. కదిలిన నీడకో, మెడకు తగిలిన గాలికో, నేల అదురుకో బిడ్డ తిరిగి ఉండవచ్చు. పెద్ద చప్పుళ్లు వినబడుతూ ‘స’, ‘శ’ వంటి సన్నని ధ్వనులు వినబడని పాక్షిక లోపాలు ఈ పరీక్షకు అసలే దొరకవు.

వెయ్యి మంది శిశువుల్లో ఒకరి నుంచి ముగ్గురి దాకా వినికిడి లోపంతో పుడతారు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం అమర్చి, మెత్తని శబ్దం పంపి, లోపలి చెవి నుంచి తిరిగి వచ్చే అతి సన్నని ధ్వనిని కొలిచే పరీక్ష నిమిషాల్లో పూర్తవుతుంది. తొలి నెలలో ఈ పరీక్ష, మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు చికిత్స లేదా శిక్షణ అన్నది వైద్యులు పాటించే లక్ష్యం. అయితే మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వల్లో, మరో కారణం వల్లో వినికిడి తర్వాత తగ్గిపోయే పిల్లలు ఉంటారు గనుక, పుట్టినప్పటి పరీక్షలో నెగ్గిన బిడ్డ విషయంలోనూ పదో నెల ప్రశ్న అవసరమే.

వినికిడి బాగున్న బిడ్డకు సైతం జవాబిచ్చే మనిషి కావాలి. 2003లో మైకేల్ గోల్డ్‌స్టీన్ బృందం చేసిన ప్రయోగంలో, బిడ్డ శబ్దం చేసిన ప్రతిసారీ తల్లి నవ్వి, దగ్గరికి జరిగి తాకినప్పుడు ఆ శబ్దాలు మాటల తీరుకు మరింత చేరువయ్యాయి. అవే స్పందనలు వేళాపాళా లేకుండా అందిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. ఎడతెగక మోగే టీవీ ఈ పని చేయలేదని వేరే చెప్పనక్కరలేదు.

ఆరోగ్య అధికారులకు నా విన్నపం ఇది. బిడ్డ రికార్డు పుస్తకంలో ‘బబబ, దదద వంటి అక్షరాలను వరసగా పలుకుతోందా?’ అన్న ఒక్క గడి చేర్చండి. నెలలు నిండక పుట్టిన పిల్లల వయసును కాన్పు కావలసిన తేదీ నుంచి లెక్కించండి. ‘లేదు’ అన్న జవాబు చెవుడుకు రుజువు కాదు, చెవిలో నీరు చేరడం వంటి కారణాలూ ఉండవచ్చు. కానీ ఆ జవాబు వచ్చిన రోజే, కొందరికి మాటలు ఆలస్యమేలెండి అని ఇంటికి పంపకుండా, వినికిడి పరీక్షకు చీటీ రాసివ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు