తిరుపతి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన మేడమ్‌కి థాంక్స్

కళ్ళు మూతలు పడుతున్నాయి. కానీ ఇప్పుడు రాయకుండా పడుకుంటే పొద్దుటికి సగం మర్చిపోతాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. సీజన్‌లో మా గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు ఎంత పొడుగున నిలబడతాయో ఈ జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. టోకెన్, కాటా, తరుగు, రేటు, రైతు బ్యాంకు ఖాతా, అన్నీ ఒకే ఒక్క లైనక్స్ సర్వర్‌లో ఉంటాయి. 2025లో కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని తేల్చినప్పటి నుంచి కాటా చీటీని రైతులు పట్టాదారు పుస్తకంలా దాచుకుంటున్నారు. ఆ కాటా లెక్క మొత్తం మొన్న పోయింది.

సర్వర్ చూసేది బయటి కంపెనీ. పేరు ఎందుకులెండి. వాళ్ళ కుర్రాడు డిస్కు నిండిపోయిందని రాత్రిపూట పాత బ్యాకప్‌లు తీసేయడానికి కూర్చున్నాడు. ఫైళ్ళని తీసేసే కమాండ్ ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ అని కొట్టి, ఫైళ్ళ పేరు మొదటి అక్షరాలు రాసి, చివర నక్షత్రం గుర్తు పెట్టాడు. అక్షరాలకీ నక్షత్రానికీ మధ్య ఒక్క ఖాళీ పడింది. అంతే. ఖాళీ పడితే ఆ నక్షత్రానికి అర్థం 'నువ్వున్న ఫోల్డర్‌లో ఉన్నవన్నీ' అని. అతను ఉన్నది మా లెక్కలన్నీ ఉండే డేటాబేస్ ఫోల్డర్‌లో. రూట్‌గా, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా లాగిన్ అయి ఉన్నాడు కాబట్టి మెషీన్ కూడా 'నీకు ఆ హక్కు లేదు' అనలేదు. మైనస్ ఎఫ్ ఉంది కాబట్టి 'నిజంగానా?' అని కూడా అడగలేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే టికెట్ నంబరు ఇచ్చారు. ఇరవై నాలుగు గంటల్లో ఇంజనీర్ కాల్ చేస్తారన్నారు. ఈలోగా సర్వర్ ఒకసారి రీస్టార్ట్ చేసి చూడమన్నారు. ఆ మాట విని ఉంటే ఇవాళ ఈ పోస్ట్ లేదు.

మా క్యాంటీన్ అన్న వాళ్ళ చిన్నమ్మ కూతురు తిరుపతిలో అద్దెకుంటుంది. ఆ ఇంటి ఓనరమ్మ చాలా ఏళ్ళు యూనిక్స్ మెషీన్ల మీద (మా లైనక్స్ కూడా ఆ తరహాదే) పనిచేసి రిటైర్ అయ్యారని అన్నే గుర్తు చేసుకుని చెప్పాడు. ముక్కూ మొహం తెలీని మనిషికి ఆ వేళప్పుడు ఎట్లా ఫోన్ చేసేది అనుకుంటూనే చేశాను. నేను ఏడుస్తూ ఏదో చెప్తుంటే ఆవిడ ఒక్కటే అడిగారు: "మెషీన్ ఆన్‌లోనే ఉందా పాపా? కాటా ఇంకా ఎక్కుతోందా?" ఎక్కుతోందన్నాను. ఆఫీసులో రిపోర్టులు రావడం లేదు కానీ గేటు దగ్గర కాటా ప్రోగ్రాం మామూలుగానే నడుస్తోంది. "అయితే ఎవర్నీ దాని జోలికి పోనీయొద్దు. కాటా ఆపేసి కాయితం మీద రాసుకోండి. కరెంటు పోకుండా చూడండి. నేను వస్తున్నా" అన్నారు. వచ్చారు. చేతిలో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు, స్వెట్టర్, అంతే.

ఆవిడ వచ్చేసరికి ఆ కుర్రాడు సర్వర్ రూములో నేల మీద కూర్చుని ఉన్నాడు. మా మేనేజర్ అప్పటికే అతన్ని ఎన్ని మాటలనాలో అన్నీ అన్నారు. మేడమ్ వచ్చి అతని పక్కనే కుర్చీ వేసుకుని, "ఏం నాయనా, అన్నం తిన్నావా?" అన్నారు. తర్వాత గిట్‌ల్యాబ్ అని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ సంగతి చెప్పారు. 2017 జనవరి 31న అక్కడ ఒక ఇంజనీర్ ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్ తీసేశాడట. ఆపేసరికి 300 జీబీలో 4.5 జీబీ మిగిలిందట. చూస్తే బ్యాకప్‌లు పనిచేయడం లేదు, అవి ఫెయిలయ్యాయని చెప్పే మెయిళ్ళు కూడా ఎవరికీ చేరడం లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి దొరికింది. "వాళ్ళు దాచిపెట్టలేదు, లోకానికంతా చెప్పుకున్నారు. లే, మొహం కడుక్కుని రా. టైప్ చేసేది నువ్వే, నేను చూస్తా" అన్నారు.

టైప్ చేసేది నువ్వే! తప్పు జరిగింది ఆ చేతుల మీదుగానే కదా. అందరం నోళ్ళు తెరిచి చూస్తున్నాం. నాకు గొంతు పట్టుకుపోయింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ఆవిడ చెప్పిన సంగతి నాకు అర్థమైనంతలో రాస్తాను. యూనిక్స్‌లో ఫైలు పేరు వేరు, లోపలి సరుకు వేరు. ఆర్ఎం తీసేది పేరునే. ఆ ఫైలుని ఏదైనా ప్రోగ్రాం తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా సరుకు డిస్కు మీదే ఉంటుంది. "ఇంటి నంబరు బోర్డు పీకేసినా అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసేదాకా ఇల్లు కూలగొట్టరు కదా" అన్నారు, ఓనరమ్మ కదా మరి. డేటాబేస్ నడుస్తోంది కాబట్టి సరుకుంది. రీస్టార్ట్ చేసుంటే ఆ క్షణమే పోయేది.

ప్రోగ్రాంలు తెరిచి పట్టుకున్న ఫైళ్ళని చూపించే ఎల్ఎస్ఓఎఫ్ అనే కమాండ్ కొట్టిస్తే, పక్కన డిలీటెడ్ అని రాసి ఉన్న ఫైళ్ళన్నీ వరసగా వచ్చాయి. అందులో ఒక పెద్ద లాగ్ ఫైలు (ప్రోగ్రాం తను చేసే పనులు రాసుకునే ఫైలు) కూడా ఉంది. డిస్కులో జాగా కోసం అంతకుముందే కుర్రాడు దాన్ని తీసేశాడట, అయినా జాగా రాలేదట, అందుకే బ్యాకప్‌ల మీద పడ్డాడట. ఆ లాగ్‌నీ ఒక ప్రోగ్రాం పట్టుకునే ఉంది! తీసేయకుండా లోపల ఖాళీ చేసి ఉంటే, లేదా ఆ ప్రోగ్రాంని లాగ్ వదిలి కొత్తది తెరవమని ఉంటే అసలు ఈ గొడవే లేదు. మమ్మల్ని ముంచిందీ తేల్చిందీ ఒకటే గుణం.

డేటాబేస్‌లోకి ఇంకేదీ రాయకుండా తాళం వేయించి, మెమరీలో ఉన్నదంతా డిస్కు మీదికి దిగేదాకా కూర్చోబెట్టి, అప్పుడు, ప్రోగ్రాంలు పట్టుకున్న ఫైళ్ళు పేరు పోయినా దొరికే ప్రాక్ అనే ఫోల్డర్‌లోంచి ఒక్కో ఫైలూ తన హార్డ్ డిస్కులోకి కాపీ చేయించారు. ప్రతి కమాండ్‌కీ ఎంటర్ కొట్టేముందు కీబోర్డ్ మీంచి చేతులు తీయించి, పైకి చదివించారు. ఏ మెషీన్‌లో ఉన్నాం, ఏ ఫోల్డర్‌లో ఉన్నాం అని కూడా. ఏదైనా తీసేయాలంటే అదే నక్షత్రంతో ముందు ఎల్ఎస్ (ఫైళ్ళ పేర్లు మాత్రం చూపించే కమాండ్) కొట్టి ఏం దొరుకుతాయో చూడమన్నారు. రూట్‌లో కాపురం పెట్టొద్దన్నారు. ఇవన్నీ ఆ అబ్బాయి తన నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే చూశాను.

తెల్లారేసరికి గేటు దగ్గర ఒక పెద్దాయన చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. లెక్కలు పోయాయని ఊరంతా పాకింది కదా. మేడమ్ ఆయన్ని లోపలికి పిలిపించి, తన కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకో మెషీన్‌లో తెరిచిన కాపీలో ఆయన టోకెన్ వెతికి చూపించారు. ట్రాక్టర్ నంబరు, తూకం, తరుగు, అన్నీ చీటీతో సరిపోయాయి. ఆయన "ఉండాదా తల్లీ" అని రెండుసార్లు అడిగాడు. ఆమె రెండుసార్లూ చూపించారు.

మా ఆయనకీ, అత్తమ్మకీ థాంక్స్. పిల్లల్ని వాళ్ళే చూసుకున్నారు.

ఇప్పుడు కోపం కూడా రాసేస్తా. ఆ కుర్రాడు ఒక్కడే ఎన్నో ఫ్యాక్టరీల సర్వర్లు చూస్తాడట. పగలు తిరుగుడు, రాత్రి పని, అడగడానికి పైన ఎవరూ లేరు. కంపెనీ కాంట్రాక్టు కాయితంలో 'ప్రతిరోజూ బ్యాకప్' అని ఉంది. డిస్కు నిండినప్పటి నుంచి ఆ బ్యాకప్ ఫెయిలవుతూనే ఉంది. టైము ప్రకారం పనులు నడిపే క్రాన్ అనే ప్రోగ్రాం రోజూ రూట్ పేరిట 'జాగా లేదు' అని మెయిల్ పంపుతూనే ఉంది. ఆ మెయిల్ బాక్స్ కంపెనీలో ఒక్కరూ తెరవలేదు. 'రెండు డిస్కులున్నాయి మేడమ్, ఒకటి పోతే ఇంకోటి' అని మాకు ధీమాగా చెప్పారు. ఒకదాంట్లో తీసేస్తే రెండోదాంట్లోనూ అదే క్షణం పోతుందని మాత్రం చెప్పలేదు. బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో తెరిచి చూపించమని ఇకమీదట ప్రతి నెలా అడగబోతున్నాం. టికెట్ నంబరు ఇస్తారేమో చూడాలి. ఆ ఇంజనీర్ కాల్ అయితే ఇంకా రాలేదు.

మేడమ్ డబ్బు తీసుకోలేదు, పేరు రాయొద్దన్నారు. కాయలిస్తే మాత్రం తీసుకున్నారు.

అయ్యో, జనరేటర్ చూసే తమ్ముణ్ణి మర్చిపోయాను. గాలివానకి కరెంటు పోయి, యూపీఎస్ కూతలు పెడుతుంటే, డీజిల్ క్యాన్ భుజాన మోసుకొచ్చింది అతనే. అతను లేకపోతే మేడమ్ వచ్చీ లాభం లేదు. పాత సీజన్ల టేబుళ్ళు కొన్ని ఎవరూ తెరిచి లేనందువల్ల నిజంగానే పోయాయి. వాటి కాపీ పంపిన ఆడిటర్ గారికీ థాంక్స్. కాయితం మీద కాటా రాసిన హమాలీ మేస్త్రికి కూడా. క్యాంటీన్ అన్నకి చెప్పానా? చెప్పకపోతే ఇదే.

రైతులకి: ఆ రాత్రి చేత్తో రాసిచ్చిన చీటీలు పారేయకండి, ఇంకా ఎక్కిస్తున్నాం. మేడమ్ స్వెట్టర్ ఇక్కడే మర్చిపోయారు, ఈ వారంలో తిరుపతి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే ఆఫీసుకి ఒక మాట చెప్పండి.