దుబాసీ పేరు మరిచిపోయారు

సంపాదకులకు నమస్కారం.

బానిస వ్యాపారాన్ని గుర్తుచేసుకునే ఆగస్టు 23 సందర్భంగా మీ పత్రికలో ఆమిస్తాద్ ఓడ కేసు మీద వచ్చిన వ్యాసం చదివాను. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ 73 ఏళ్ల వయసులో అమెరికా సుప్రీంకోర్టు మెట్లెక్కి ఆఫ్రికన్ల పక్షాన వాదించిన తీరు బాగా రాశారు. కానీ ఆ కేసు అంతదాకా రావడానికి కారణమైన ఒక మనిషి పేరు అందులో లేదు. అతను జేమ్స్ కోవీ, ఆ ఆఫ్రికన్ల మాటలను కోర్టుకు ఇంగ్లీషులో చెప్పిన దుబాసీ. కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి ఆ లోటు నాకు వెంటనే కనిపించింది.

1839 జూన్ చివర్లో హవానా నుంచి బయల్దేరిన ఆ ఓడలో 53 మంది ఆఫ్రికన్లు ఉన్నారు. వాళ్లలో నలుగురు పిల్లలు. చాలామంది ఇప్పటి సియెర్రా లియోన్ ప్రాంతపు మెండీ జాతివాళ్లు. మిమ్మల్ని చంపి వండుకు తింటారని ఓడలో వంటవాడు సైగలతో బెదిరించాడు. వరి పండించుకు బతికే సెంగ్‌బే పియే ఒక మేకు సంపాదించి గొలుసు తాళం విప్పాడు. మిగతావాళ్లనూ విడిపించాడు. చెరకు కొట్టే కత్తులు చేతికి దొరికాయి. ఆ రాత్రి కెప్టెన్, వంటవాడు హతమయ్యారు. వీళ్లను కొన్న రూయిజ్, మోంటెజ్‌లను మాత్రం ప్రాణాలతో ఉంచారు. ఓడను ఆఫ్రికాకు నడపాలి కదా. మోంటెజ్ పగలు సూర్యుడి వైపు తూర్పుకు నడుపుతూ, రాత్రయ్యాక దొంగచాటుగా ఉత్తరానికి తిప్పేవాడు. అలా రెండు నెలలు సముద్రం మీద తిరిగి, ఆగస్టు 26న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్ ఒడ్డున అమెరికా నౌకాదళానికి పట్టుబడ్డారు.

తరువాత జరిగింది మనం ఆలోచించాల్సిన విషయం. రూయిజ్‌కు ఇంగ్లీషు బాగా వచ్చు. అధికారులకు, జడ్జికి ముందుగా చేరింది అతని కథే: వీళ్లు మా బానిసలు, హత్యలు చేసి ఓడను కాజేశారు, వీళ్లను మాకు అప్పగించండి. కాగితాలూ ఉన్నాయి. అందులో ఒక్కొక్కరికీ ఒక స్పానిష్ పేరు. సెంగ్‌బే పేరు జోసే సింకే అయింది. అందరూ ఏనాడో క్యూబాలో స్థిరపడ్డ బానిసలేనని రాసి ఉంది. బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందం ప్రకారం 1820 నుంచి ఆఫ్రికా మనుషుల్ని తెచ్చి అమ్మడాన్ని స్పెయిన్ నిషేధించింది. కాబట్టి ఆ ఒక్క ముక్క నిజమైతే వీళ్లు బానిసలే, అబద్ధమైతే స్వతంత్రులు. కేసు ప్రాణం అక్కడే ఉంది. ఆ ముక్క అబద్ధమని చెప్పగలిగినవాళ్లు ఎదురుగా నిలబడే ఉన్నారు. వాళ్ల భాష మాత్రం అక్కడ ఎవరికీ రాదు.

యేల్ కాలేజీలో భాషలు బోధించే జొసయ్య గిబ్స్ అనే ఆచార్యుడు వీళ్లను ఉంచిన న్యూ హేవెన్ జైలుకు వెళ్లాడు. ఒక వేలు చూపించాడు, వాళ్లొక మాట అన్నారు. రెండు వేళ్లు చూపించాడు, ఇంకో మాట. అలా పది దాకా మెండీ అంకెలు నోటికి పట్టుకుని న్యూయార్క్ రేవుకు పోయి, ఓడల మధ్య నల్లజాతి నావికులు కనిపించిన చోటల్లా ఆ అంకెలు పైకి చదువుతూ తిరిగాడు. చివరికి బజార్డ్ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో పనిచేస్తున్న కోవీ ఆ అంకెలు గుర్తుపట్టాడు. అతనూ చిన్నప్పుడు బానిసల వ్యాపారులకు చిక్కి, బ్రిటిష్ వాళ్లు విడిపిస్తే బయటపడ్డవాడే. అతన్ని జైలుకు తీసుకొచ్చేసరికి ఖైదీలు పొద్దుటి తిండి దగ్గర ఉన్నారు. కాపలావాడు లోపలికి వదల్లేదు. తలుపు దగ్గరికొచ్చిన ఒకతను కోవీ నోట తమ మాట విని, చెయ్యి పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయాడట. ఇక తిండి మాట ఎవరికీ గుర్తు లేదు.

1840 జనవరిలో సెంగ్‌బే కోవీ ద్వారా సాక్ష్యం చెప్పాడు. తమ చేతులూ కాళ్లూ ఎలా కట్టేశారో కోర్టు నేల మీద కూర్చుని చూపించాడు. వీళ్లు పుట్టుకతో స్వతంత్రులేనని జడ్జి జడ్సన్ తేల్చాడు. జడ్జి తమ వైపే తీర్పిస్తాడనుకుని, వీళ్లను క్యూబాకు పంపెయ్యడానికి, స్పెయిన్ పక్షాన నిలిచిన అప్పటి అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ ప్రభుత్వం అప్పటికే రేవులో ఒక నౌకను సిద్ధంగా ఉంచింది. తీర్పు ఎదురు తిరగడంతో అప్పీలుకు పోయింది. 1841 మార్చి 9న సుప్రీంకోర్టు వీళ్లను విడుదల చేసింది. ఆ నవంబరులో సొంత గడ్డకు ఓడెక్కినవాళ్లు 35 మంది. అమెరికాలో బానిసత్వాన్ని ఆ తీర్పు ఇసుమంతైనా కదపలేదని కూడా మీరు రాసి ఉండాల్సింది.

ఆ జైల్లోనే ఇంగ్లీషు నేర్చుకున్న 11 ఏళ్ల కాలే ఆడమ్స్‌కు ఉత్తరం రాశాడు. అమెరికా భాష రాదు కాబట్టి మెండీ వాళ్లను మొద్దులంటున్నారు, అమెరికా వాళ్లకు మెండీ రాదు కదా, మరి వాళ్లూ మొద్దులేనా అని అడిగాడు.

మీ వ్యాసంలోని ఈ మాట దగ్గర నేను పత్రిక పక్కన పెట్టేశాను. ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక చిన్న కోర్టుకు ఇటుక బట్టీలో పనిచేసే ఒడియా ఆమెను తీసుకొచ్చారు. చంకలో పసిబిడ్డ, మోచేతుల దాకా ఎండిన మట్టి. అయిదు నిమిషాలు ఆపకుండా మాట్లాడింది. మధ్యలో నాలుగు వేళ్లు పైకెత్తి రెండుసార్లు చూపించింది. ఆమె మాటలు తెలుగులో చెప్పడానికి నిలబడ్డవాడు ఆమెను అడ్వాన్సు ఇచ్చి పనికి తెచ్చిన మేస్త్రీయే. "ఏం లేదు సార్, ఊరికి పోతానంటోంది" అన్నాడు. కాగితం మీదికి ఆ ఒక్క ముక్కే ఎక్కింది. రాసింది నేనే. ఆ నాలుగు వేళ్లు నాలుగు నెలల కూలీయో, నలుగురు పిల్లలో నాకు ఇవాళ్టికీ తెలియదు.

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976 నుంచే ఉంది. ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే, అతనికి తెలిసిన భాషలో అక్కడే వినిపించాలని పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ) 279వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ నియమం ఉంది. కానీ అది విచారణ మొదలయ్యాక సంగతి. ఠాణాలో మొదటి కాగితం రాసేటప్పుడు, విముక్తి పత్రం కోసం ఆర్డీవో ముందు నిలబడ్డప్పుడు ఎవరు చెబితే అదే రాసుకుంటున్నారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఒడియా, హిందీ, బెంగాలీ, గోండీ, కోయ తెలిసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లతో జాబితా తయారుచేసి ప్రతి ఠాణా గోడకూ అంటించాలి. పిలిచిన రోజుకు వాళ్లకు భత్యం ఇవ్వాలి. యజమాని మనిషినిగానీ, మేస్త్రీనిగానీ దుబాసీగా నిలబెట్టకూడదని రాతపూర్వకంగా ఆదేశించాలి. బట్టీల సీజన్ మొదలయ్యేలోగా ఈ పని జరగాలని కోరుతూ మీ పత్రిక కూడా ఒక మాట రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
కరీంనగర్