గుడ్డు, పాలు కడుపుతోని ఉన్నంకనేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది చండూరు దిక్కు చేనేత ఇల్లు. పెండ్లయి ఆరేండ్లయింది, పిల్లలు లేరు. ఈ మాట పేపర్ల రాయడానికి సిగ్గు పడాల్సిన పని లేదని ఇన్నాళ్లకు అర్థమైంది, అందుకే రాస్తున్న. పిల్లలు కావాలంటే డి విటమిన్ పెంచుకోవాలె అని ఫోన్ల వీడియోలు చూసి మా దగ్గర ఆడపిల్లలు మెడికల్ షాపుకు పోయి పొడి ప్యాకెట్లు అడిగి తెచ్చుకుంటున్నరు, వాళ్ల కోసమే ఈ ఉత్తరం, అంగన్వాడీల గర్భిణులకిచ్చే గుడ్డు, పాలు మా అసుంటోళ్లకు కూడ ఇయ్యాలె అని అడగడానికి కూడ.

రెండేండ్ల కింద హైదరాబాద్ ల ఒక సంతానం ఆస్పత్రికి పోయినం. రక్తం తీసిన్రు, డి 9 వచ్చింది, 20 కంటె తక్కువుంటే లోపం కిందనే లెక్క. ఇది తక్కువుంటే గర్భం నిలవదమ్మా అని ఇంజక్షన్ వేసి పంపిన్రు, అట్ల మూడుసార్లు, మళ్ల రక్తం చూసిందే లేదు. ఏడాది దాకా మా ఆయనకు ఒక్క పరీక్ష కూడ రాయలే. నల్లగొండల ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పోతే ఆమె ముందుగల్ల ఆయననే పిలిపించింది, చూస్తే ఆయనకు వీర్యకణాల కౌంట్ తక్కువున్నది, డి కూడ తక్కువే ఉన్నది. ఆ ఏడాదంత ఇంటిల్లిపాది నా దిక్కే చూసిన్రు సార్, అది మాత్రం నేను మర్చిపోను.

ఆ డాక్టరమ్మ కూసోబెట్టి చెప్పింది. అండాశయం, గర్భసంచి లోపలి పొర, మొగోళ్ల వృషణాలు, వీర్యకణాలు, అన్నింట్ల డి విటమిన్ ను అందుకునే రిసెప్టర్లు ఉంటయంట, అందుకని దానికి సంబంధం లేదని అనలేం. టెస్ట్ ట్యూబ్ ట్రీట్మెంట్ ల కూడ డి సరిపోను ఉన్న ఆడవాళ్లకు కాన్పులు ఎక్కువ కనబడ్డయంట. కానీ ఇటలీల ఆ ట్రీట్మెంట్ కు వచ్చినోళ్లకు ముందుగనే ఒక్కసారి 6 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, ఇయ్యనోళ్ల కంటె గర్భాలేం ఎక్కువ కాలేదు. అంటే లోపం ఉంటే సరిచేసుకోవాలె, అంతేగాని అదే పిల్లల మందు కాదు. పైగా అది ఒంట్ల కొవ్వుల నిలువ ఉండే విటమిన్, ఎక్కువైతే రక్తంల కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీల రాళ్లు. అది విన్నంక నా మూడు ఇంజక్షన్లు గుర్తొచ్చి కాళ్లు వణికినయి.

ఇంత ఎండ ఉన్న జిల్లాల డి ఎట్ల తక్కువైతది అని అందరు అడుగుతరు. మా ఇంట్ల గుంట మగ్గం చూస్తే తెలుస్తది. పొద్దున ఆయన కాళ్లు గుంటల పెట్టి కూసుంటే అన్నానికే లేచేది, నేను పక్కన కండెలు చుట్టుకుంట ఉంట, అర్రల ఒక్క లైటు, కిటికీకి అద్దం, ఆ అద్దంలకెల్లి వచ్చే ఎండతోని డి తయారు కాదు. నడుము నొప్పంటే మగ్గం వల్ల, బొక్కల నొప్పంటే మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ చూసి పెరిగినోళ్లం కాబట్టి నీళ్ల వల్ల, అట్లనే అనుకున్నం గాని డి అనే మాట ఎవరి నోట్లకెల్లి రాలే. పత్తి ఏరే అక్కలు పొద్దంత ఎండలనే ఉన్నా ఫుల్ చేతుల అంగీ, తలకు ముఖానికి తువ్వాల, ఒంటికి ఎండ తగిలేది ఎక్కడ. మన నీడ మన ఎత్తు కంటె పొట్టిగ ఉన్నప్పటి ఎండతోనే డి బాగ తయారైతదంట, ఎండకాలం మాత్రం వడదెబ్బ చూసుకోవాలె.

ఇగ తిండి సంగతి. తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 600 యూనిట్లు కావాలంటది, ఒక గుడ్డు సొనల ఉండేది 40 యూనిట్ల దాకానే. మామూలు బర్రెపాలల్ల చాన తక్కువ, ప్లస్ ఎఫ్ గుర్తున్న ప్యాకెట్ల పాలల్ల, నూనెల కలిపి అమ్ముతరు, అవి కూడ లీటర్ పాలకు 200 నుంచి 300 యూనిట్లే. ఎక్కువ ఉండేది సముద్రం చేపలల్ల, మాకు దొరికేది చెర్వు చేపలు. అందుకే ఒక్క తిండితోనే అయ్యే పని కాదు, ఎండ కావాలె, తక్కువున్నోళ్లకు డాక్టర్ రాసినంత మందు కావాలె.

ఆరోగ్యలక్ష్మి కింద అంగన్వాడీల గర్భిణులకు, బాలింతలకు అన్నం, గుడ్డు, 200 ఎంఎల్ పాలు ఇస్తరు, మంచి పథకం, మా తోడికోడలు తిన్నది. పుట్టబోయే బిడ్డ డి మొత్తం తల్లి ఒంట్ల ఉన్నదాంట్ల నుంచే పోవాలె, మరి తల్లి 9 తోని మొదలుపెడితే ఏమిస్తది? పెండ్లయి పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్ల పేర్లు కూడ అంగన్వాడీల రాసుకొని ఆ గుడ్డు, ఆ పాలు మాకు కూడ ఇయ్యాలె. ఆ పాలు ప్లస్ ఎఫ్ పాలే కావాలె. డి పరీక్షకు నాకు బయట ల్యాబ్ ల 1200 అయింది, మాకది మూడు రోజుల మగ్గం కూలి, అది పీహెచ్‌సీల్నే చేయాలె, మొగుడు పెండ్లాం ఇద్దరికి ఒకే రోజు రాయాలె.

ఇప్పుడు పదకొండు కాంగనే మగ్గం ఆపి ఇద్దరం ఇంటి ముందట కూసుంటున్నం. డాక్టరమ్మ రాసిన మందు కూడ వాడినం, మొన్న చూపిస్తే నాది 27 వచ్చింది, ఆయనది 24. పిల్లల కోసం ఇంక చూస్తనే ఉన్నం.

ఇట్లు,
ఒక చేనేత ఇల్లాలు,
చండూరు మండలం, నల్లగొండ జిల్లా